162లో 60: కరోనా ఏడాది బేస్‌బాల్ అభిమానికి దక్కిందెంత?

క్లుప్తంగా: 2020లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ తన 162 మ్యాచుల సీజన్‌ను 60కి కుదించి, లీగ్ దశ మొత్తాన్ని ఖాళీ స్టేడియాల్లో ఆడించింది. స్టాండ్లలో జనం లేకపోవడం కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించిన లోటు. అయితే ఆటను లోపలినుంచి మార్చింది మాత్రం నిడివి తగ్గడమే. ఆ ఏడాది గణాంకాలను ఎంతవరకు నమ్మాలి, కొత్త నిబంధనలు ఎందుకొచ్చాయి, వాటిలో ఏవి నిలిచాయి అన్న ప్రశ్నలు అక్కడినుంచే పుట్టాయి.

వాషింగ్టన్ నేషనల్స్ జట్టు 2019లో 60 మ్యాచులు పూర్తయ్యేసరికి 27 గెలిచి 33 ఓడింది. సీజన్ అక్కడితో ఆగి ఉంటే ప్లేఆఫ్స్‌లో దాని ఊసే ఉండేది కాదు. మిగిలిన 102 మ్యాచుల్లో 66 గెలిచి, అక్టోబరు ఆఖరుకు అదే జట్టు ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్ ఎగరేసుకుపోయింది. మరుసటి ఏడాది 60 మ్యాచుల తర్వాత దాని లెక్క 26 గెలుపులు, 34 ఓటములు. ఒక్క మ్యాచ్ తేడా, అంతే. కాకపోతే ఈసారి 61వ మ్యాచ్ లేదు.

కరోనా ఏడాదిలో బేస్‌బాల్ అభిమాని పోగొట్టుకున్నదేమిటో అర్థం కావాలంటే ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

రోజూ ఉండే ఆట

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు 162 అన్న అంకె అతిగా అనిపిస్తుంది. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచులు. బేస్‌బాల్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికి ఆరు మ్యాచుల చొప్పున ఆట నడుస్తూనే ఉంటుంది. ఎంత మంచి జట్టయినా ఏడాదికి అరవై దాకా ఓడుతుంది, ఎంత నాసిరకం జట్టయినా నలభై యాభై గెలుస్తుంది. అందుకే ఏ ఒక్క రాత్రి ఓటమీ అభిమానిని కుంగదీయదు. పండగలా ఎదురుచూసే ఆట కాదిది. పొద్దున్నే పేపర్, సాయంత్రం వార్తలు ఎలాగో ఇదీ అలాగే. వంటింట్లో రేడియో మోగుతూ ఉంటుంది, ఎవరూ శ్రద్ధగా వినరు, కానీ స్కోరెంతో అందరికీ తెలుసు.

ఇంత నిడివికి ఆటలోనే కారణం ఉంది. బ్యాట్ బంతికి ఒక అంగుళం కింద తగిలితే హోమ్ రన్ (మైదానం దాటే షాట్) కాస్తా ఆకాశంలోకి లేచి క్యాచ్ అయిపోతుంది. ఒక మ్యాచ్‌లో అదృష్టం పాలు చాలా ఎక్కువ. దాన్ని వడపోయడానికి మ్యాచుల సంఖ్య తప్ప వేరే జల్లెడ లేదు. 2020లో ఆ జల్లెడ కళ్లు మూడింతలు పెద్దవయ్యాయి. ఒక్కో మ్యాచ్ విలువ మామూలు ఏడాదిలో 2.7 మ్యాచులతో సమానమైంది. నాలుగు రోజులు వరసగా ఓడితే పది, పదకొండు ఓడినంత దెబ్బ.

60 అన్న అంకె ఎక్కడిది?

సీజన్‌కు ముందు జరిగే సన్నాహక ఆట, స్ప్రింగ్ ట్రైనింగ్‌ను లీగ్ మార్చి 12న ఆపేసింది. అదే నెల 26న మొదలవాల్సిన సీజన్ నిరవధికంగా వాయిదా పడింది. ఆ 26వ తేదీనే లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ ఒప్పందం కుదిరింది: ఎన్ని మ్యాచులు ఆడితే జీతం ఆ దామాషాలో. గొడవంతా దాని అన్వయం దగ్గర వచ్చింది. ప్రేక్షకులు లేకుండా ఆడితే ప్రతి మ్యాచ్‌కూ నష్టమే కాబట్టి జీతాలు ఇంకా తగ్గాలని యజమానులు పట్టుబట్టారు. ఆ సంగతి మార్చిలోనే తేలిపోయిందని సంఘం వాదించింది. సంఘం 114 మ్యాచులు అడిగితే యజమానులు 82 అన్నారు. తర్వాత బేరం 89, 76, 72, 70 అంటూ మెట్లు దిగింది. జూన్ 22న సంఘం చివరి ప్రతిపాదనను 33-5 ఓట్లతో తిరస్కరించింది. మరునాడు కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ తన అధికారంతో 60 మ్యాచుల షెడ్యూలును ఖరారు చేశారు.

వైరస్ ఒక్కటే కారణమైతే అభిమాని సర్దుకునేవాడు. నెలన్నరపాటు సాగిన జీతాల బేరం అంత తేలిగ్గా మింగుడు పడలేదు. దానికితోడు టికెట్ డబ్బుల సంగతి. రద్దయిన మ్యాచులను చాలాకాలం 'వాయిదా'ల కిందే చూపడంతో ముందే టికెట్లు కొన్నవాళ్లకు వాపసు ఆలస్యమైంది. సీజన్ టికెట్ ఉన్నవాళ్లకు చాలాచోట్ల 'వచ్చే ఏడాదికి జమ' అన్న మార్గం చూపించారు.

చివరికి జులై 23 నుంచి సెప్టెంబరు 27 వరకు 67 రోజుల్లో 60 మ్యాచులు. ప్రయాణాలు తగ్గించడానికి 30 జట్లనూ తూర్పు, మధ్య, పశ్చిమ ప్రాంతాలుగా పదేసి చొప్పున విడదీశారు. మేజర్ లీగ్ అంటే అమెరికన్, నేషనల్ అనే రెండు లీగులు, ఒక్కోదానిలో ప్రాంతాలవారీగా మూడేసి డివిజన్లు. ప్రతి జట్టూ సొంత డివిజన్‌తో 40, అదే ప్రాంతంలోని అవతలి లీగ్ డివిజన్‌తో 20 ఆడింది. దీని పర్యవసానం ఒకటుంది: తూర్పు జట్టుకూ పశ్చిమ జట్టుకూ మధ్య లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఎవరు మెరుగో పోల్చడానికి కొలబద్దే లేకుండా పోయింది.

ఈలోగా తెల్లవారుజామున కొరియా

అమెరికాలో బేరాలు సాగుతుండగా తైవాన్ లీగ్ ఏప్రిల్ 12న మొదలైంది. రకుటెన్ మంకీస్ జట్టు స్టాండ్లలో బొమ్మలను, రోబోలను కూర్చోబెట్టింది. మే 5న దక్షిణ కొరియా లీగ్ ప్రారంభం కాగా, ఈఎస్‌పీఎన్ ఆ మ్యాచులను అమెరికాలో ప్రసారం చేసింది. కొరియాలో సాయంత్రం ఆరున్నర అంటే న్యూయార్క్‌లో తెల్లవారుజామున అయిదున్నర. బ్యాట్‌ను గాల్లోకి విసిరి సంబరం చేసుకోవడం, అప్పటి నిబంధన ప్రకారం 12 ఇన్నింగ్స్ దాటితే మ్యాచ్‌ను డ్రాగా వదిలేయడం వంటివి అమెరికన్ అభిమానికి కొత్త. పేరులో ఎన్‌సీ ఉన్నందుకు ఎన్‌సీ డైనోస్‌ను నార్త్ కరొలైనా రాష్ట్రం దత్తత తీసుకుంది. ఆ ఏడాది కొరియన్ సిరీస్ గెలిచింది కూడా ఆ జట్టే.

పోలికలో తేలేదేమంటే, కొరియా జట్లు అదే ఏడాది మొత్తం 144 మ్యాచులూ పూర్తిచేశాయి, జపాన్ 120 ఆడింది. వైరస్ అందరిదీ ఒకటే. మే నాటికి దేశంలో కేసులు ఏ స్థాయిలో ఉన్నాయన్నదే తేడా.

స్కోరు పుస్తకంలో పడని లెక్క

కుదించిన సీజన్‌లో పిచర్లు (బంతి వేసేవాళ్లు) అలిసిపోకుండా, మ్యాచులు అర్ధరాత్రి దాకా సాగకుండా కొన్ని నిబంధనలు తెచ్చారు. వాటిలో ఎక్కువ చర్చ రేపింది అదనపు ఇన్నింగ్స్ రన్నర్. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి స్కోరు సమమైతే, పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతి జట్టూ రెండో బేస్ మీద, అంటే పరుగుకోసం చుట్టాల్సిన నాలుగు బేస్‌లలో సగం దూరంలో, ఒక రన్నర్‌తో మొదలుపెడుతుంది. ఆ ఇన్నింగ్స్‌లో ముందుగా బ్యాటింగ్‌కు వచ్చేవాడికి వరుసలో సరిగ్గా ముందున్నవాడే ఆ రన్నర్, లేదా అతని బదులు మరొకరు. జులై 24న ఓక్లాండ్‌లో తొలిసారి అలా నిలబడింది ఏంజెల్స్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ. రెండు బేస్‌ల మధ్య చిక్కుకుని ఔటయ్యాడు. అదే ఇన్నింగ్స్ రెండో సగంలో ఓక్లాండ్ ఆటగాడు మాట్ ఓల్సన్ గ్రాండ్ స్లామ్‌తో (బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టే హోమ్ రన్‌తో) మ్యాచ్ ముగించాడు.

చేత్తో స్కోరు రాసుకునే అభిమానులకు ఇది చిన్న విషయం కాదు. స్కోరు పుస్తకంలో ఒక్కో బ్యాటర్‌కు ఇన్నింగ్స్‌కొక గడి, గడిలో నాలుగు బేస్‌ల చతురస్రం ఉంటాయి. బ్యాటర్ ఎలా చేరాడో మొదటి బేస్ గీత పక్కన రాస్తారు. ఈ రన్నర్ మాత్రం ఏమీ చేయకుండానే రెండో బేస్ మీద ఉంటాడు. మొదటి రెండు గీతలు ఖాళీగా వదిలి, రెండో బేస్ దగ్గర చుక్క పెట్టి, అక్కడినుంచి కొనసాగించాలి. ఆ ఇన్నింగ్స్ లోనే వరుస తిరిగి అతని దాకా వస్తే గడి అప్పటికే నిండి ఉంటుంది, పక్క నిలువు వరుసలోకి జరగాల్సిందే.

అసలు చిక్కు సరిచూసుకునే దగ్గర వస్తుంది. బేస్‌బాల్ స్కోరుకు ఒక పాత తాళం ఉంది: ఒక జట్టు తరఫున బ్యాటింగ్‌కు వచ్చినవాళ్ల మొత్తం సంఖ్య, చేసిన పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, ఔట్లు ఈ మూడింటి మొత్తానికి సమానం కావాలి. బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతివాడూ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. బ్యాటింగ్‌కు రాకుండా బేస్ మీద ప్రత్యక్షమైన రన్నర్ వల్ల ప్రతి అదనపు ఇన్నింగ్స్‌లో కుడివైపు ఒకటి ఎక్కువ వస్తుంది. అదనపు ఇన్నింగ్స్ ఎన్ని ఆడితే అన్ని తీసేస్తే తప్ప తాళం పడదు. పుస్తకంలో తప్పు వెతుక్కుంటూ గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

ఆ రన్నర్ పరుగు చేస్తే అది పిచర్ ఖాతాలో 'ఎర్న్‌డ్ రన్' (అతని బాధ్యతగా లెక్కించే పరుగు) కాదు. ఫీల్డర్ పొరపాటు వల్ల చేరినవాడిలా లెక్కిస్తారు, అయితే ఏ ఫీల్డర్ మీదా పొరపాటు రాయరు. ఫలితంగా ఒక పిచర్ ఒక్క హిట్టూ ఇవ్వకుండా, తన ఈఆర్‌ఏకు (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే ఎర్న్‌డ్ రన్స్ సగటుకు) మచ్చ పడకుండానే మ్యాచ్ ఓడిపోవచ్చు.

ఆగస్టు 1 నుంచి డబుల్ హెడర్లు, అంటే ఒకేరోజు రెండు మ్యాచులు, ఏడేసి ఇన్నింగ్స్‌కు తగ్గాయి. అప్పటిదాకా పిచరే బ్యాటింగ్ చేసే నేషనల్ లీగ్‌లోనూ అతని బదులు డిజిగ్నేటెడ్ హిట్టర్ (బ్యాటింగ్‌కే పరిమితమైన ఆటగాడు) బ్యాటింగ్ చేశాడు. కెనడా ప్రభుత్వం సరిహద్దు రాకపోకలకు ఒప్పుకోకపోవడంతో టొరంటో బ్లూ జేస్ ఇల్లు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకు మారింది. ఆ మైదానం సిద్ధమయ్యేలోపు వాషింగ్టన్‌లోనే నేషనల్స్ మీద 'ఆతిథ్య జట్టు'గా ఆడింది కూడా.

జనం లేని చప్పుడు

2020కి ముందు ఖాళీ స్టేడియంలో మేజర్ లీగ్ మ్యాచ్ జరిగింది ఒక్కసారే. నగరంలో అల్లర్ల వల్ల 2015 ఏప్రిల్ 29న బాల్టిమోర్ మ్యాచ్‌కు జనాన్ని రానివ్వలేదు. అప్పుడు నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంగానే ప్రసారం చేశారు. 2020లో అలా కుదరలేదు. ఒక వీడియో గేమ్ కోసం రికార్డు చేసిపెట్టిన జనఘోషను లీగ్ ప్రతి స్టేడియానికీ పంపింది. గుసగుసల నుంచి హోమ్ రన్ కేకల దాకా సుమారు 75 రకాల శబ్దాలు. ఆపరేటర్ మ్యాచ్ చూస్తూ వాటిని మీటాలి. తేలికగా కనిపించినా ఇది గురి కుదరాల్సిన పని. నిజమైన జనం బంతి గాల్లో ఉండగానే లేచి నిలబడతారు, దాని దారి చూసి ముందే గొంతెత్తుతారు. ఆపరేటర్ ఫలితం తేలేదాకా ఆగితే శబ్దం ఒక క్షణం వెనకబడుతుంది. తొందరపడితే మామూలు క్యాచ్‌కు హోమ్ రన్ కేక పడుతుంది. ఆ ఒక్క క్షణం తేడాలోనే నకిలీతనం బయటపడేది.

ఈ చప్పుడుకు ఇంకో ఉపయోగమూ ఉంది. ఖాళీ స్టేడియంలో డగౌట్‌లోని మాటలు అవతలి జట్టుకు వినిపిస్తాయి, బ్యాటర్ వెనక క్యాచర్ ఏ పక్కకు జరిగాడో మట్టి రాపిడిని బట్టి పోల్చుకోవచ్చు. బూతులైతే సరాసరి ప్రసారంలోకి వెళ్తాయి. జనఘోష వీటికి తెరలా పనిచేసింది.

కొన్ని జట్లు అభిమానుల ఫొటోలతో అట్టబొమ్మలు చేసి సీట్లలో నిలబెట్టాయి. లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ స్టేడియంలో స్థానాన్ని బట్టి ధర 149 నుంచి 299 డాలర్లు పలికింది. ఆ లెక్కన అట్టకు నిజమైన టికెట్ కంటే గిరాకీ!

జనం లేకపోవడం అందరికీ నష్టం కాలేదు. సంకేతాల దొంగతనం (ప్రత్యర్థి క్యాచర్ తన పిచర్‌కు చేసే సైగలను పసిగట్టడం) బయటపడి 2020 జనవరిలో శిక్ష పడిన హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను ఊరూరా ఎగతాళి చేయాలని దేశమంతా కాచుకుని ఉంది. ఆ ముహూర్తం 2021కి వాయిదా పడింది.

సొంతగడ్డ బలమంతా జనం కేకల్లోనే ఉందన్న నమ్మకాన్ని కూడా ఈ సీజన్ పరీక్షించింది. మామూలుగా ఆతిథ్య జట్లు 54 శాతం దాకా గెలుస్తాయి. 2020లో ఖాళీ స్టేడియాల్లో దాదాపు 56 శాతం గెలిచాయి. జనం లేకపోతే బలం పెరుగుతుందని దీనర్థం కాదు. ఆడిన 898 మ్యాచుల్లో రెండు శాతం తేడా కాకతాళీయంగానూ రావచ్చు. బలం తగ్గలేదని మాత్రం చెప్పవచ్చు. మైదానం కొలతలు అలవాటై ఉండటం, ఆఖరి బ్యాటింగ్ చేతిలో ఉండటం, ప్రయాణ బడలిక లేకపోవడం వంటివి కేకల కంటే ఎక్కువ పనిచేస్తాయనుకోవాలి.

బుడగ లేని సీజన్

అదే ఏడాది ఐపీఎల్ యూఏఈలో మూడు మైదానాలకు పరిమితమైంది. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఒర్లాండోలో ఒకేచోట మకాం వేసింది. ముప్పై జట్లు, రోజూ ఆట ఉన్న బేస్‌బాల్ అలా ఒక బుడగలో ఇమడదు. అందుకే ఆటగాళ్లు ఊరూరా విమానాల్లో తిరుగుతూ, రోజు విడిచి రోజు లాలాజల పరీక్ష చేయించుకుంటూ ఆడారు. ఉమ్మడం, పొద్దుతిరుగుడు గింజలు నమలడం నిషేధం. పిచర్ వేళ్లు నాలుకతో తడుపుకోవడానికి బదులు జేబులో తడిగుడ్డ పెట్టుకోవాలి. బంతికి ఉమ్ము రాయొద్దని క్రికెట్‌లోనూ ఆ జూన్‌లోనే నిషేధం వచ్చింది.

ఈ పద్ధతిలో లోపం వారంలోనే బయటపడింది. పరీక్షకూ ఫలితానికీ మధ్య ఒక రోజు, రెండు రోజులు గడుస్తాయి. ఆలోగా ఆటగాళ్లు ఒకే డ్రెసింగ్ రూములో, ఒకే విమానంలో ఉంటారు. జులై ఆఖర్లో మయామీ మార్లిన్స్‌లో 18 మంది ఆటగాళ్లకు సోకింది. ఆ వెంటనే సెయింట్ లూయీ కార్డినల్స్‌లో వ్యాపించి, జులై 29 తర్వాత ఆగస్టు 15 దాకా ఆ జట్టు ఆడలేదు. తిరిగి మొదలైనప్పుడు విమానమూ బస్సూ వద్దనుకుని 41 అద్దెకార్లలో మనిషికొక కారు చొప్పున షికాగో వెళ్లారు. తర్వాత 44 రోజుల్లో 53 మ్యాచులు ఆడి, 30-28తో ప్లేఆఫ్స్ చేరారు. మార్లిన్స్ కూడా చేరింది.

అభిమాని వైపునుంచి చూస్తే, సాయంత్రం మ్యాచ్ ఉందో లేదో మధ్యాహ్నం దాకా తెలియని రోజులవి. వర్షం కోసం ఆకాశం చూసే అలవాటున్నవాళ్లు పరీక్షల ఫలితాల కోసం ఫోన్ చూస్తూ కూర్చున్నారు.

ఈ అంకెలను ఎంత నమ్మాలి?

ఒక బ్యాటర్ అసలు సామర్థ్యం 0.300, అంటే పది అవకాశాల్లో మూడు హిట్లు, అనుకుందాం. 60 మ్యాచుల్లో అతనికి దాదాపు 230 అవకాశాలు వస్తాయి. కేవలం అదృష్టం వల్ల వచ్చే హెచ్చుతగ్గు 0.030. అంటే మూడింట రెండుసార్లు అతని సగటు 0.270 నుంచి 0.330 మధ్య ఉంటుంది, మూడోసారి ఆ గీతలు కూడా దాటుతుంది. 600 అవకాశాలున్న పూర్తి సీజన్‌లో ఆ హెచ్చుతగ్గు 0.019కి తగ్గుతుంది. డీజే లెమహ్యూ 0.364, హువాన్ సోటో 0.351 సగటులతో తమ లీగుల్లో అగ్రస్థానంలో నిలిచారు. ఇద్దరూ గొప్ప బ్యాటర్లే. ఆ అంకెలను పూర్తి సీజన్ అంకెల పక్కన పెట్టడమే సరికాదు.

జట్లకూ అదే సూత్రం. 55 శాతం గెలవగల జట్టు 60 మ్యాచుల్లో 33 గెలవాలి. నాలుగు అటూఇటూ, అంటే 29కి పడిపోవడం మామూలే. 162 మ్యాచుల్లోనైతే 89కి ఆరు అటూఇటూ. అప్పుడు అదే దురదృష్టంతోనూ 83 గెలుస్తుంది, సగానికి పైనే ఉంటుంది. ఆ ఏడాది హ్యూస్టన్, మిల్వాకీ 29-31తో ప్లేఆఫ్స్‌కు వెళ్లాయి.

ఇది తెలిసే లీగ్ ప్లేఆఫ్ జట్లను 10 నుంచి 16కి పెంచింది. టీవీ ఆదాయం దానికి మరో కారణం, అదే పెద్ద కారణం కూడా కావచ్చు. జల్లెడ పెద్దదైతే రాళ్లు దిగుతాయి, నిజమే. మంచి గింజ బయట మిగిలిపోయే ప్రమాదం మాత్రం తగ్గుతుంది. తొలి రౌండ్ మూడు మ్యాచులదే కావడంతో అక్కడ మళ్లీ అదృష్టానికి తలుపు తెరిచారు.

అక్టోబరులో ఆర్లింగ్టన్

ప్లేఆఫ్స్ రెండో రౌండైన డివిజన్ సిరీస్ నుంచి లీగ్ కూడా బుడగలోకి వెళ్లింది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ డల్లాస్ ప్రాంతంలోని ఆర్లింగ్టన్‌లో, కొత్తగా కట్టిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో వరల్డ్ సిరీస్ మొత్తం జరిగింది. అన్ని మ్యాచులూ ఒకే స్టేడియంలో జరగడం 1944 తర్వాత అదే మొదటిసారి. నలభై వేలకు పైగా పట్టే చోట సుమారు 11,500 మందికే అనుమతి, టికెట్లు నాలుగేసి సీట్ల గుంపులుగా అమ్మారు.

లీగ్ దశలో 43-17తో అందరికంటే ముందున్న డాడ్జర్స్ టాంపా బే రేస్‌పై 4-2తో గెలిచింది. ఆ జట్టుకు 1988 తర్వాత ఇదే తొలి టైటిల్. ఆరో మ్యాచ్‌లో అద్భుతంగా బంతులేస్తున్న బ్లేక్ స్నెల్‌ను 73 బంతులకే రేస్ మేనేజర్ కెవిన్ క్యాష్ ఎందుకు తప్పించారన్నది ఇప్పటికీ తెగని వాదన. అదే మ్యాచ్ మధ్యలో పాజిటివ్ అని తేలిన జస్టిన్ టర్నర్‌ను ఎనిమిదో ఇన్నింగ్స్‌లో తప్పించారు. గెలిచాక అతను మైదానంలోకి వచ్చి సంబరాల్లో పాల్గొనడం పెద్ద వివాదమైంది.

పూర్తిస్థాయి గెలుపు కాదంటూ ఈ టైటిల్ పక్కన చుక్క గుర్తు పెట్టాలన్న వాదన బలహీనం. అదనపు రౌండ్ వల్ల డాడ్జర్స్ 18 ప్లేఆఫ్ మ్యాచులు ఆడి 13 గెలవాల్సి వచ్చింది. అప్పటిదాకా వైల్డ్ కార్డ్ అనే అర్హత మ్యాచ్ ఆడకుండా నేరుగా వచ్చిన చాంపియన్‌కు 11 గెలుపులు సరిపోయేవి. చుక్క పెట్టాల్సి వస్తే బయట మిగిలిపోయిన జట్ల పక్కన పెట్టాలి.

ఏవి నిలిచాయి

ఏడు ఇన్నింగ్స్ డబుల్ హెడర్ 2021తో ఆగిపోయింది. డిజిగ్నేటెడ్ హిట్టర్ 2022 నుంచి రెండు లీగుల్లోనూ శాశ్వతమైంది, రెండో బేస్ రన్నర్ 2023లో లీగ్ దశకు స్థిరపడ్డాడు. ప్లేఆఫ్ జట్లు 16 నుంచి మళ్లీ 10కి, 2022లో 12కి వచ్చాయి. చిన్న ఊళ్లకు మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. మైనర్ లీగుల 2020 సీజన్ మొత్తం రద్దు కాగా, 2021 నాటికి మేజర్ జట్లకు అనుబంధంగా ఉండే జట్లు 160 నుంచి 120కి తగ్గాయి. ఈ కోత ఆలోచన కరోనాకు ముందునుంచే ఉంది. ఖాళీ ఏడాది దానికి దారి సులువు చేసింది.

స్టేడియాలు తెరుచుకోవడమూ ఒక్కసారిగా జరగలేదు. ఆర్లింగ్టన్‌లో 2021 ఏప్రిల్ 5న 38,238 మంది కూర్చున్నారు. అదే రోజు అక్కడ ప్రత్యర్థిగా ఆడిన టొరంటో బ్లూ జేస్ అప్పటికింకా సొంతూరికి వెళ్లలేదు. ఫ్లోరిడాలో కొన్నాళ్లు, మళ్లీ బఫెలోలో కొన్నాళ్లు ఆడి, జులై 30న టొరంటో చేరింది. ఆ రాత్రి లోపలికి వదిలింది 15,000 మందినే. సొంత మైదానంలో తమ జట్టును వాళ్లు చూసి అప్పటికి 670 రోజులు.